ఇల్లందు గుమ్మడి నర్సయ్య: ఐదుసార్లు గెలిపించిన ఊళ్లే తర్వాత ఎందుకు పక్కన పెట్టాయి?

#1 బొగ్గుట్టోడు
మా ఫ్యామిలీ గ్రూపులో పొద్దున్నే మళ్లీ ఆ ఫొటోనే. నర్సయ్య సైకిల్ మీద, కింద "ఇలాంటి నాయకుడు ఇక పుట్టడు" అని, దండాల బొమ్మలు రెండు. పెట్టింది మా బాబాయి. 2009లో ఆయనకు ఓటెయ్యలేదని మా బాబాయే ఒప్పుకుంటాడు. ఎందుకు బాబాయ్ అంటే "మంచోడేరా, కానీ గెలవడు గదా" అన్నాడు. అందరూ అలా అనుకుంటే ఇంకెలా గెలుస్తాడు?

తెలియనివాళ్ల కోసం. ఇల్లందు అప్పటి ఖమ్మం జిల్లాలో ఎస్టీ రిజర్వుడు సీటు. 2016 అక్టోబర్‌లో కొత్త జిల్లాలు వచ్చాక భద్రాద్రి కొత్తగూడెంలోకి వచ్చింది. సింగరేణి బొగ్గు తవ్వకం 1889లో మొదలైంది ఇక్కడే. అందుకే మాకు ఊరి పేరు బొగ్గుట్ట. ఎంఎల్ (మార్క్సిస్టు-లెనినిస్టు) పార్టీ తరఫున కోయ బిడ్డ నర్సయ్య ఇక్కడ ఐదుసార్లు ఎమ్మెల్యే అయ్యాడు. నా ప్రశ్న ఒక్కటే. ఎవర్ని అడిగినా మంచోడంటారు. మరి ఓటు ఎటు పోయింది?

#2 డల్లాస్ బంటి
సింపుల్ బ్రో. డబ్బు. ఇప్పుడు అసెంబ్లీకి నిలబడాలంటే కోట్లు కావాలి. సైకిల్ మీద తిరిగే మనిషి దగ్గర ఎక్కడివి? టాపిక్ క్లోజ్.

#3 లెక్కల మాస్టారు
క్లోజ్ చెయ్యకండి, ఇప్పుడే కాఫీ తెచ్చుకున్నాను.

ముందు లెక్క సరిచూద్దాం. "వరసగా ఐదుసార్లు" అని చాలామంది రాస్తారు, అది తప్పు. 1983, 1985, 1989 వరసగా మూడు. 1994లో ఓటమి, సీపీఐ నుంచి ఊకె అబ్బయ్య గెలిచారు. మళ్లీ 1999, 2004 నర్సయ్యవి. 2009లో అదే అబ్బయ్య ఈసారి టీడీపీ నుంచి గెలిచారు. నర్సయ్య అసెంబ్లీ కథ అక్కడితో ఆగింది.

ఇందులో అసలు విశేషం ఏమిటంటే, 1983 జనవరిలో రామారావు గాలికి రాష్ట్రమంతా కొట్టుకుపోతుంటే ఇల్లందులో ఇండిపెండెంట్ పేరుతో ఒక ఎంఎల్ మనిషి గెలిచాడు. 1989లో గాలి తిరగబడి కాంగ్రెస్ వచ్చింది, ఇక్కడ మళ్లీ ఆయనే. 1999లో చంద్రబాబు గెలిచాడు, 2004లో రాజశేఖర రెడ్డి గెలిచాడు, రెండుసార్లూ ఇల్లందు మాత్రం నర్సయ్యదే. రాష్ట్రంలో ఏ గాలి వీచినా ఈ ఊళ్లకు అంటలేదు. డబ్బు ఒక్కటే కారణమైతే అప్పట్లో డబ్బున్న పార్టీలు లేవా?

#4 ఖమ్మం మిర్చి
మాస్టారూ, దానికి నా దగ్గర ఒక థియరీ ఉంది. 1994లో టీడీపీ, సీపీఐ, సీపీఎం ఒక్కటయ్యాయి. 2009లో మహాకూటమి, అదే జట్టుకు టీఆర్ఎస్ కూడా తోడయింది. రెండుసార్లూ నర్సయ్య ఓడాడు. ఎర్రజెండాలు, పసుపు జెండా కలిస్తే ఆయన పని అయిపోయినట్టే. జనం ప్రేమ, కోపం అంటూ కథలెందుకు? పొత్తుల లెక్క అంతే.

#5 లెక్కల మాస్టారు
బాగుంది కానీ 1985లో ఇరుక్కుంటుంది. అప్పుడు కూడా టీడీపీకి కమ్యూనిస్టులతో సర్దుబాటు ఉంది. అయినా నర్సయ్య గెలిచాడు. పొత్తు ఒక చెయ్యి వేసిందనండి ఒప్పుకుంటాను. మొత్తం పొత్తే అంటే మార్కులు వెయ్యను.

#6 గుండాల ఆడబిడ్డ
మీరంతా పైనుంచి చూస్తున్నారు. నేను కింద నుంచి చెప్తా.

చిన్నప్పుడు ఎండాకాలం సెలవులంటే మాకు తునికాకు, బీడీలు చుట్టే ఆకు. చీకటితో లేచి, సద్ది కట్టుకుని అమ్మతో అడవికి. పొద్దెక్కేసరికి చీర కొంగు నిండా, గోనె సంచి నిండా ఆకు. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఎంచి, యాభై ఆకులకు ఒక కట్ట. వేళ్లు నల్లబడి పసరు వాసన వచ్చేవి, అన్నం తింటే కూడా ఆ చేదు పోయేది కాదు. సాయంత్రం ఆకు కొనే కల్లానికి మోస్తే అక్కడ కల్లేదారు, అంటే కాంట్రాక్టరు మనిషి, కూర్చునేవాడు. ఇది చిల్లుల ఆకు, ఇది లేతాకు అని పక్కన పారేసేవాడు. వంద కట్టలు పోస్తే కొసరు అని మళ్లీ కొన్ని లాక్కునేవాడు. అమ్మ నోరెత్తేది కాదు.

నోరెత్తింది సంఘం, నర్సయ్య పార్టీవాళ్లది. సీజన్ మొదలయ్యే ముందే ఊరూరా మీటింగు పెట్టేవాళ్లు, కట్టకు ఇంత ఇవ్వకపోతే ఆకు కోసేది లేదని. ఆకు ముదిరితే కాంట్రాక్టరుకు నష్టం, అడవికి పోకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. రెండు వైపులా టెన్షనే. రేటు పెరిగిన రోజు మా అమ్మ ముఖం నాకు ఇంకా గుర్తుంది. ఆ తర్వాత ఎన్నికలొస్తే ఎవరికి ఓటేస్తుందో ఎవరైనా అడగాలా? మా ఇంట్లో ఓటు పోలింగ్ బూత్‌లో కాదు, కల్లం దగ్గరే తేలిపోయేది.

నర్సయ్య సైకిల్ ఎక్కాడా, బస్సు ఎక్కాడా అనేది మా అమ్మకు విషయమే కాదు. మా ఊళ్లో అందరూ నడిచేవాళ్లే!

#7 బొగ్గుట్టోడు
అక్కా, ఈ ఒక్క పోస్టు కోసం థ్రెడ్ మొదలుపెట్టినా సరిపోయేది. ఇంకొంచెం అడగొచ్చా? మరి మీ అమ్మగారు 2009లో ఎవరికేశారు?

#8 గుండాల ఆడబిడ్డ
2009లో మా ఓటు మిషన్‌లో ఆయన గుర్తే లేదు తమ్ముడూ. నియోజకవర్గాల పునర్విభజనలో గుండాల పినపాకలోకి పోయింది. మీ ఇల్లందు వేరు, మా పినపాక వేరు. ఓటెయ్యాలన్నా కుదరదు.

#9 రిటైర్డ్ పంతులు
పునర్విభజన మాట వచ్చింది కాబట్టి చెబుతాను. ఇది పెద్ద దెబ్బ, దీని గురించి ఎవరూ మాట్లాడరు. 2009 ఎన్నికలకు వైరా, పినపాక కొత్త సీట్లుగా వచ్చాయి. కారేపల్లి వైరాలో కలిసింది, గుండాల పినపాకలో. ఇల్లందు, టేకులపల్లి, కామేపల్లి, బయ్యారం, గార్ల కలిపి ఇప్పటి ఇల్లందు. సంఘం గట్టిగా ఉన్న పల్లెలను మూడు సీట్లకు పంచేస్తే ఏ సీటులోనూ గెలిచేంత బలం మిగలదు. తర్వాత జిల్లాలు మారాక ఇంకో విచిత్రం. ఇల్లందు, టేకులపల్లి కొత్తగూడెం జిల్లా, బయ్యారం, గార్ల మహబూబాబాద్ జిల్లా, కామేపల్లి ఖమ్మం జిల్లా. ఒక ఎమ్మెల్యే, ముగ్గురు కలెక్టర్లు.

1989 నవంబర్‌లో నాకు అడవి పక్కన ఒక ఊళ్లో పోలింగ్ డ్యూటీ పడింది. పార్లమెంటుకు, అసెంబ్లీకి ఒకేసారి. తెల్ల కాగితం పార్లమెంటుకు, గులాబీ రంగు కాగితం అసెంబ్లీకి. జీపు వాగు దగ్గర ఆగిపోతే డబ్బాలు నెత్తిన పెట్టుకుని నడిచాం. రాత్రి బడి వరండాలో పడుకున్నాం. తెల్లారేసరికి బయట లైను. ఒక ముసలావిడ గులాబీ కాగితం పట్టుకుని నన్ను మెల్లగా అడిగింది, "సారూ, పైనుంచి లెక్కపెట్టాలా, కింది నుంచా?" అని. నేను చెప్పకూడదు, రూలు. ఆవిడ నవ్వుకుని వేళ్లు మడుస్తూ అట్టముక్క వెనక్కి వెళ్లింది. చాలాసేపు పట్టింది. బయటికొచ్చాక ముద్ర సిరా చెంగుకు అంటింది, దాన్ని చూసుకుంటూ పోయింది.

ఎందుకు చెబుతున్నానంటే, గుర్తింపు లేని పార్టీకి, ఇండిపెండెంటుకు సొంత గుర్తు ఉండదు. నామినేషన్లు అయ్యాక అధికారులు ఏది ఇస్తే అది. పోలింగుకు మిగిలే రెండు మూడు వారాల్లో చదువు రాని పల్లెలకు ఆ కొత్త గుర్తు నేర్పాలి. హస్తం, సైకిల్ పుట్టినప్పటి నుంచీ చూస్తున్న కళ్లకు ఇంకో బొమ్మ చూపించి "ఇదే మనది" అని ఒప్పించాలి. గూడేనికి నలుగురు మనుషులు లేకపోతే ఎంత మంచి నాయకుడైనా ఇది జరగదు. నర్సయ్య గెలిచిన ప్రతిసారీ గెలిచింది ఆ నలుగురు.

#10 డల్లాస్ బంటి
పంతులుగారూ సూపర్. కానీ ఎమ్మెల్యేగా ఆయన చేసిన డెవలప్‌మెంట్ ఏంటి? రోడ్డు? కాలేజీ? ఐదుసార్లు అంటే ఇరవై ఏళ్లకు దగ్గర. సింప్లిసిటీతో కడుపు నిండదు కదా.

#11 కామేపల్లి కుర్రాడు
బంటి అన్న మాట చేదుగా ఉన్నా మా ఊళ్లో కూడా ఇదే అంటారు. "ఆయన మనకోసం ధర్నా చేస్తాడు, వీళ్లు మనకోసం రోడ్డేస్తారు" అని. ధర్నా మనిషి కావాలా, రోడ్డు మనిషి కావాలా అంటే ఇరవై ఏళ్ల పిల్లాడు రోడ్డే అంటాడు. తునికాకు సీజన్‌లో ఇప్పుడు మా ఊరి నుంచి అడవికి పోయేవాళ్లు ఎంతమంది? మా వయసువాళ్లంతా హైదరాబాద్‌లో డెలివరీ బాయ్‌లుగానో, సెంట్రింగ్ పనిలోనో ఉన్నాం. ఆ కల్లం మాకు కథ మాత్రమే.

#12 లెక్కల మాస్టారు
కుర్రాడి పాయింటు బలమైనది. కానీ బంటికి ఒక చిన్న లెక్క. ప్రతిపక్షంలో, అదీ ఒక్కడే సభ్యుడుగా ఉన్న పార్టీ ఎమ్మెల్యేకు మంత్రి దగ్గర పని ఎలా అవుతుంది? నియోజకవర్గ నిధి తెలంగాణలో 5 కోట్లకు పెరిగింది 2021లో. అది కూడా మంజూరు, అనుమతులు అన్నీ ప్రభుత్వం చేతిలోనే. పాత కాలంలో ఆ మాత్రం కూడా లేదు. నర్సయ్య గెలిచిన ఐదుసార్లలో ఏ ఒక్క ప్రభుత్వమూ ఆయనది కాదు. ఇలాంటివాళ్ల పని అసెంబ్లీలో లేచి అడగడం, ఆఫీసుల చుట్టూ తిరగడం. దాన్ని డెవలప్‌మెంట్ ఖాతాలో రాయాలా వద్దా అనేది మీ ఇష్టం.

#13 గార్ల గట్టు
అసలు మార్పు పోడు దగ్గర, అంటే అడవి కొట్టి చేసుకునే సాగు దగ్గర, వచ్చిందని నా అభిప్రాయం. ఎనభైల్లో పోడు అంటే ఫారెస్టోళ్లు వస్తున్నారని కబురందగానే ఊరంతా కర్రలు పట్టుకుని పోవడం. ముందు నిలబడేది సంఘం. 2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో ఉన్నవాళ్లకు హక్కు. ఇక కొట్లాట కాస్తా దరఖాస్తు అయింది. గ్రామసభ, కమిటీ, సర్వే, ఫైలు. 2023 జూన్ చివర్లో కేసీఆర్ ఆసిఫాబాద్‌లో పట్టాల పంపిణీ మొదలుపెట్టాడు, రాష్ట్రం మొత్తం మీద నాలుగు లక్షల ఎకరాల పైచిలుకు.

మా మామకు కూడా పట్టా వచ్చింది. ప్లాస్టిక్ కవర్లో పెట్టి బీరువాలో దాచాడు, చుట్టమొచ్చినప్పుడల్లా తీసి చూపిస్తాడు. నలభై ఏళ్లు ఆ భూమి కోసం కొట్లాడింది ఎవరో మామకు తెలుసు. కానీ కాగితం మీద బొమ్మ ఎవరిది? పట్టాతో పాటు రైతుబంధు ఎవరిచ్చారు? దున్నింది ఒకరు, కోసింది ఇంకొకరు.

#14 ఖమ్మం మిర్చి
పార్టీ చీలికలు కూడా చెప్పండి. నర్సయ్య ఉన్న ఎంఎల్ పార్టీ న్యూడెమోక్రసీ 2013లో చంద్రన్న వర్గం, రాయల వర్గం అని రెండుగా విడిపోయింది. ఒకే గూడెంలో రెండు జెండా గద్దెలు. నిన్నటిదాకా కలిసి తిరిగిన నలుగురిలో ఇద్దరు అటు, ఇద్దరు ఇటు. పంతులుగారు చెప్పిన ఆ నలుగురు అక్కడే అయిపోయారు. ఇంటి మనిషే దూరమైతే బయటివాడు డబ్బుతో కొనాల్సిన అవసరం ఏముంది?

#15 మొహమాటం లేనివాడు
ఎవరూ చెప్పని కారణం నేను చెబుతా. ఎస్టీ సీటులో కోయ ఓటు, లంబాడా ఓటు వేరు. 1976 సవరణ చట్టంతో తెలంగాణలో లంబాడాలు ఎస్టీ జాబితాలోకి వచ్చారు. అప్పటి నుంచి...

#16 మోడరేటర్
మిగతా భాగం తీసేశాను. ఏ వర్గం ఓటు ఎటు పోయిందో మాట్లాడుకోవచ్చు, ఎవరు అసలైన గిరిజనులు అనే గొడవ ఇక్కడ వద్దు. కోర్టుల్లో ఉన్న విషయం, దాని సంగతి అక్కడే చూసుకుంటారు.

#17 గుండాల ఆడబిడ్డ
థాంక్స్. ఒక్క మాట చెప్పి వదిలేస్తా. మా కల్లంలో కోయ ఆకు, లంబాడా ఆకు అని వేరుగా పోసేవాళ్లు కాదు. కల్లేదారు ఇద్దరి దగ్గరా ఒకేలా లాక్కునేవాడు. వేరు పడింది తర్వాత.

#18 లెక్కల మాస్టారు
నర్సయ్య తర్వాత ఇల్లందు ఏం చేసిందో కూడా చూడండి, నవ్వొస్తుంది.
2014: కాంగ్రెస్ నుంచి కోరం కనకయ్య గెలిచారు, టీడీపీ నుంచి బానోత్ హరిప్రియ ఓడారు. కనకయ్య టీఆర్ఎస్‌లోకి వెళ్లారు.
2018: హరిప్రియ ఈసారి కాంగ్రెస్, కనకయ్య టీఆర్ఎస్. హరిప్రియ గెలిచారు, మూడు వేల లోపు మెజారిటీ. తర్వాత ఆవిడా టీఆర్ఎస్‌లోకి వెళ్లారు.
2023: కనకయ్య మళ్లీ కాంగ్రెస్, హరిప్రియ బీఆర్ఎస్. కనకయ్య గెలిచారు, ఈసారి యాభై వేలు దాటిన మెజారిటీ.
ఆ ఇద్దరే, జెండాలు మాత్రం అటూ ఇటూ. మూడుసార్లూ జనం హస్తం గుర్తుకే ఓటేశారు. అభ్యర్థి మారినా జనం మారలేదు. ఈ ఊళ్లకు నిలకడ లేదని ఎవరైనా అంటే ఒప్పుకోను.

#19 కామేపల్లి కుర్రాడు
హహ. 2018లో నా మొదటి ఓటు. మా నాన్న "మొన్న వాళ్లు, ఇవాళ వీళ్లు" అని జెండా రంగులు కలిసిపోయి బూత్ ముందు నన్ను అడిగాడు, "మనది ఇప్పుడు ఏ గుర్తురా?" అని.

#20 భద్రాచలం బస్సు
భద్రాచలం నియోజకవర్గం నుంచి వస్తున్నా. మాకూ ఇలాంటివాళ్లున్నారు. కుంజా బొజ్జి సీపీఎం నుంచి 1985, 1989, 1994 మూడుసార్లు. తర్వాత సున్నం రాజయ్య 1999, 2004. 2009లో సీటు కాంగ్రెస్‌కు పోయింది, కానీ 2014లో రాజయ్య మళ్లీ గెలిచాడు! అంటే సాదాసీదా మనిషికి కాలం చెల్లిందనే మాట పూర్తిగా నిజం కాదు. జిల్లాలో గట్టి పార్టీ వెనక ఉంటే 2014లో కూడా గెలిచారు. రాజయ్యది ఇంకో చిత్రం, రాష్ట్ర విభజన తర్వాత ఆయన సొంత మండలం వీఆర్ పురం పోలవరం ముంపు పేరుతో ఆంధ్రలో కలిసింది. ఎమ్మెల్యేగిరీ తెలంగాణలో, ఇల్లు ఆంధ్రలో. 2020 ఆగస్టులో కరోనాతో పోయాడు. ఆ రోజు మా బస్టాండు హోటల్లో ఎవరూ గట్టిగా మాట్లాడలేదు.

#21 డల్లాస్ బంటి
ఓకే, టాపిక్ క్లోజ్ అన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. కానీ డబ్బు పాయింట్ వదలను. అభ్యర్థి ఖర్చుకు ఎన్నికల సంఘం లిమిట్ 40 లక్షలు. ఆ 40 లక్షలు కూడా లేని అభ్యర్థి ఎలా నిలబడాలి?

#22 లెక్కల మాస్టారు
వదలొద్దు, అదీ నిజమే. 2022 నుంచి 40 లక్షలు. కానీ తమాషా చూడండి, ఆ లిమిట్ పెట్టింది ఎక్కువ ఖర్చు చెయ్యకుండా ఆపడానికి. నర్సయ్యలాంటి మనిషికి అది అందని ఎత్తు, పెద్ద పార్టీవాడికి అది ఒక మండలానికి సరిపోయే చిల్లర. ఎస్టీ అభ్యర్థికి అసెంబ్లీ డిపాజిట్ 5,000 రూపాయలే, పోలైన చెల్లుబాటు ఓట్లలో ఆరో వంతు దాటితే అదీ వెనక్కి వస్తుంది. చట్టం దృష్టిలో పేదవాడు నిలబడొచ్చు. నిలబడటం వరకే.

#23 గార్ల గట్టు
2025 ఫిబ్రవరిలో వచ్చిన వీడియో గుర్తుందా? ముఖ్యమంత్రి ఇంటి బయట రోడ్డు మీద నర్సయ్య ఎదురు చూస్తున్న వీడియో. లోపలికి పంపలేదని రాష్ట్రమంతా గోల అయింది, తర్వాత ముఖ్యమంత్రి ఆయనను కలిశారు. అందరూ "ఎంత అవమానం" అని రాశారు. ఆయన దేనికోసం వెళ్లాడో రాసినవాళ్లు తక్కువ. సీతారామ ప్రాజెక్టు నీళ్లు ఇల్లందు ప్రాంతానికి కావాలని. 2024 ఆగస్టు 15న పంపుహౌస్‌లు ప్రారంభించారు. గోదావరి నీళ్లు ఎత్తిపోసేది మన పాత ఖమ్మం జిల్లాలోనే, కాలువ మన పక్క నుంచే పోతుంది, నీళ్లు మాత్రం అటు వైపు. మా గార్ల, బయ్యారం పొలాలకు ఇప్పటికీ చెరువే దిక్కు.

బయ్యారం ఉక్కు సంగతి మళ్లీ అడగొద్దు. విభజన చట్టంలో ఖమ్మం జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ పరిశీలిస్తామని రాశారు, పరిశీలిస్తూనే ఉన్నారు.

#24 బొగ్గుట్టోడు
ఇదంతా చదివి సాయంత్రం బాబాయికి ఫోన్ చేశా. కల్లం, గుర్తు, పునర్విభజన, చీలిక, పట్టా, అన్నీ చెప్పా. ఓపిగ్గా విన్నాడు. బాబాయి 21 ఇంక్లైన్ బొగ్గు బాయిలో పనిచేసి రిటైరయ్యాడు. "నువ్వు చెప్పినవన్నీ నిజమేరా. కానీ బాయి మూతపడ్డాక మా బ్యాచ్ సగం మణుగూరు, సగం భూపాలపల్లి పోయింది. మిగిలినోళ్లం ఎవరి ఇంట్లో వాళ్లం. మీటింగుకు పిలిచేవాడు లేడు, పిలిస్తే పోయేవాడు లేడు" అన్నాడు.

మరి ఫొటో ఎందుకు పెట్టావు బాబాయ్ అంటే, కాసేపు ఆగి, "సైకిల్ బాగుందిరా" అన్నాడు.

#25 గుండాల ఆడబిడ్డ
మీ బాబాయికి చెప్పు, మా ఊళ్లో రేటు మీటింగుకు ఇప్పటికీ పిలుస్తారని. ఏప్రిల్‌లో రమ్మను. మొన్న ఫోన్ చేస్తే అమ్మ చెప్పింది, ఈసారి ఆకు బాగానే చిగురేసిందట.